గడిలో వాలిన అక్షరము

వంట రుచిగా నున్నంతసేపు ఉప్పు మాట ఎవ్వరికిని తోచదు. ఎక్కువైనప్పుడో తక్కువైనప్పుడో విస్తరిముందు దాని చర్చ బయలుదేరును. అచ్చు అక్షరముల సంగతియు నట్టిదే. చదువు సాగిపోవుచున్నంతసేపు అక్షరము ఎట్లున్నదని మనము చూడము. ఒక అక్షరము మరియొక అక్షరమువలె కనబడి పని చెడినప్పుడు మాత్రము దాని రూపమును గూర్చి విచారింతుము. ఈ కాలమున అట్లు పని చెడుటకు మిక్కిలి అవకాశము గల చోటు కంప్యూటరు ప్రోగ్రాము.

తమ యింటనో చుట్టములలోనో ప్రోగ్రాములు వ్రాయువారు లేని చదువుకొన్న తెలుగు కుటుంబములు నేడు తక్కువ. హైదరాబాదుననో, విశాఖపట్టణముననో, సముద్రముల కావలనో కూతురో, కోడలో, మేనల్లుడో ఆ పని చేయుచునే యుందురు. వారి యెదుటనున్న తెరను ఇంటిపెద్దలు దూరమునుండి చూచి, ఏదో రంగురంగుల ఇంగ్లీషు అనుకొని లేచిపోవుదురు. కొంచెము నిలిచి చూచినచో రెండు సంగతులు కనబడును. అక్షరములన్నియు గళ్ళకాగితముమీద వ్రాసినట్లు నిలువునను వరుసలు తీరియుండును. ఒక పంక్తిలోని యేడవ అక్షరము క్రిందనే తరువాతి పంక్తిలోని యేడవ అక్షరము నిలుచును. ఇది యొకటి. నడుమనడుమ కొన్ని పంక్తులు మాత్రము సన్నని గీతలతో, కుడివైపునకు ఒరిగిన అక్షరములతో నుండును. వ్రాయువారి యిష్టమునుబట్టి ఇవి యన్ని తెరలమీదను ఉండకపోవచ్చును గాని, పెక్కింటిమీద నుండును. ఇది రెండవది.

ఆ యొరిగిన పంక్తులు యంత్రమునకు చెప్పిన మాటలు కావు. వానిని కామెంట్లందురు. ‘ఈ లెక్క ఇట్లేల చేసితిమనగా’ అనియో, ‘దీనిని మార్చువారు ముందుగా ఆ క్రింది భాగమును చూడవలెను’ అనియో, ఒక మనుష్యుడు తన తరువాత ఆ పనికి వచ్చు మనుష్యునకు చెప్పు మాటలవి. యంత్రము వానిని చదువదు, దాటిపోవును. కావున ఒకే కాగితముమీద రెండు సంభాషణలు జరుగుచున్నవని చెప్పవచ్చును: నిటారుగా నున్నది యంత్రముతో, వాలినది తోడివానితో. అక్షరముల వెడల్పు సమానముగా నుండుట యంత్రము కోరినది. వాలు మనుష్యుడు తెచ్చుకొన్నది. ఈ రెండును వేర్వేరు శతాబ్దములలో, వేర్వేరు దేశములలో పుట్టి, ఒక్క సన్నని యక్షరమున నెట్లు కూడినవో చెప్పుట యిచ్చట మా యుద్దేశము.

ముందుగా సమానమైన వెడల్పు మాట. సీసపు అచ్చులతో పుస్తకములు కూర్చిన కాలమున అట్టిది కావలెనని ఎవ్వరును కోరలేదు. ఇంగ్లీషు ‘ఐ’ సన్నని దిమ్మమీదను, ‘ఎం’ వెడల్పయిన దిమ్మమీదను ఉండెడివి. మన ‘ర’కును ‘ఘ’కును గల భేదము కంపోజిటరు వ్రేళ్ళకే తెలిసియుండెడిది. ఛందస్సు నెరిగినవారికి దీనిని మరియొక విధముగా చెప్పవచ్చును. ఆర్యయందు మాత్రలు లెక్క. లఘువున కొకటి, గురువునకు రెండు. అనుష్టుప్పునందు లఘువైనను గురువైనను పాదమున కెనిమిది యక్షరములే లెక్క. పుస్తకపు అచ్చు ఆర్యవంటిది, టైపుమిషను అచ్చు అనుష్టుప్పువంటిది. ఈ పోలికను ఇంతకంటె సాగదీసినచో లాక్షణికులు మమ్ము మన్నింపరు.

అమెరికాలోని మిల్వాకీ నగరమున క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ అను పత్రికాసంపాదకుడు, కార్లోస్ గ్లిడెన్, శామ్యూల్ సూలే అను మిత్రులతో గూడి చేసిన వ్రాతయంత్రమునకు 1868లో పేటెంటు లభించెను. తుపాకులును కుట్టుమిషనులును చేయు రెమింగ్టన్ సంస్థవారు 1873లో దానిని తయారుచేయుట కొప్పుకొనిరి. 1874లో అది 125 డాలర్ల వెలకు అమ్మకమునకు వచ్చెను. కుట్టుమిషను శాఖలో తయారయిన దగుటచే దాని రేకులమీద పూలు చిత్రించియుండెను. కాగితపు బండిని వెనుకకు త్రిప్పుటకు కాలితో త్రొక్కు పలకయు నుండెను. అది పెద్ద అక్షరములను మాత్రమే వ్రాసెడిది. చిన్న అక్షరములు 1878లో వచ్చిన రెండవ నమూనాతో గాని రాలేదు.

దాని పని యిట్లుండును. మీట నొక్కగానే ఉక్కుకడ్డీ లేచి రంగుపట్టీమీద కొట్టును. వెంటనే కాగితమును మోయు బండి ఒక పంటి మేర ప్రక్కకు జరుగును. గోడగడియారములో పళ్ళచక్రమును ఒక్కొక్క పన్నుగా విడిచిపెట్టు కొక్కెమువంటిదే యిచ్చటను గలదు. పడినది ‘ఐ’ యో ‘ఎం’ యో ఆ కొక్కెమునకు తెలియదు. ఏ యక్షరమునకైనను దాని కొక్కటే అడుగు. అంగుళమునకు పది యక్షరములు పట్టు కొలతను పైకా యనియు, పండ్రెండు పట్టుదానిని ఎలీట్ అనియు వ్యవహరించిరి. కావున అక్షరములు గీయువారు ‘ఐ’ కి అడుగున వెడల్పయిన పాదములు పెట్టి గడి నింపిరి; ‘ఎం’ ను మూడు కాళ్ళు దగ్గరకు తీయించి అదే గడిలో నిరికించిరి. మన చిన్నతనమునుండి అర్జీలమీదను కోర్టుకాగితములమీదను చూచిన ఆ టైపు అక్షరముల వింత యందము ఇట్టి యిరుకునుండి పుట్టినదే. హవర్డ్ కెట్లర్ అను నతడు 1955లో ఐబిఎం సంస్థకై గీసిన ‘కూరియర్’ అను అక్షరరూపము వీనిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కెను. ఆ సంస్థవారు దానిమీద ప్రత్యేకమైన హక్కు నిలుపుకొనకపోవుటచే ఇతరులును దానిని స్వేచ్ఛగా వాడుకొనిరి. 2004 వరకును అమెరికా విదేశాంగశాఖ వారి పత్రములన్నియు దానితోనే వ్రాయబడుచుండెను.

ఇచ్చట నొక చిన్న లోభము పెద్ద చిక్కునకు కారణమైన సంగతి చెప్పవలెను. మీటల సంఖ్య తగ్గించుటకై పెక్కు టైపుమిషనులలో 1 అను అంకెకు మీట పెట్టలేదు. చిన్న ‘ఎల్’ అక్షరమునే అంకెగా కొట్టుడని నేర్పిరి. కొన్నింట సున్నకు బదులు పెద్ద ‘ఓ’ కొట్టుటయు నుండెను. ఉత్తరము చదువువాడు మనుష్యుడైనంతకాలము దీనిచే చెడిన దేమియు లేదు. ‘జనవరి 11’ అనుచోట రెండు ‘ఎల్’ లున్నను చదువరి పదునొకండనియే గ్రహించును. మన కన్ను కంటె మన బుద్ధి ఎక్కువ చదువును. యంత్రమునకా బుద్ధి లేదు. కంప్యూటరునకు ‘ఎల్’ వేరు, ఒకటి వేరు. ‘ఓ’ వేరు, సున్న వేరు. టైపుమిషను అభేదము కల్పించిన అక్షరములకు మరల భేదము కల్పించుట ప్రోగ్రాము అక్షరములు గీయువారికి మొదటి పని యయ్యెను. నేటి ఫాంట్లలో సున్న నడుమ చుక్క గాని అడ్డగీత గాని యుండుటకును, ‘ఎల్’ తోక వంపు తిరుగుటకును కారణమిదియే.

కుట్టుమిషనుతో పుట్టినందుననో యేమో, ఈ యంత్రము ఆడువారి చేతికి వచ్చెను. 1930 నాటికి అమెరికాలో టైపు పని చేయువారిలో నూటికి తొంబదిమందికి పైగా స్త్రీలే. ఉద్యోగమనునది ఎరుగని యిండ్లనుండి వారు కచేరీలకు వచ్చుటకు ఈ మీటలే తలుపులు తెరచినవి. జీతములు తక్కువగా నుండెననియు, పై మెట్టునకు పోవు దారి లేకుండెననియు చెప్పకపోయినచో సగము సత్యమే చెప్పినట్లగును. మన పట్టణములలోని టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు పరీక్షలకు కూర్చున్న బాలికల సంగతియు నిట్టిదే. ఆ గదులనుండి వచ్చినవారి కుమార్తెలే నేడు పెక్కండ్రు ప్రోగ్రాములు వ్రాయుచున్నారు. తల్లి కొట్టినదియు సమానమైన గడులలోనే, కూతురు కొట్టునదియు సమానమైన గడులలోనే.

సమానమైన వెడల్పు కేవలము అశక్తతయని తలచుటయు సరికాదు. 1940ల లోనే ఐబిఎం వారు అక్షరమునకు తగినంత మేర జరుగు టైపుమిషను నొకదానిని అమ్మిరి. దాని వ్రాత అచ్చుపుస్తకమువలె నుండెడిది. కాని తప్పు దిద్దవలసివచ్చినప్పుడు ఏ యక్షరమెంత వెడల్పో గుర్తుంచుకొని బండిని అంతే వెనుకకు జరుపవలెను. అంకెల పట్టికలు కొట్టువారికి ఒకట్ల క్రింద ఒకట్లు, పదుల క్రింద పదులు రావలెనన్న సమానపు గడియే శరణ్యము. పలకమీద కూడికలు వేసిన ప్రతి బాలునకును ఇది తెలియును.

వాలు అక్షరము టైపుమిషనుకంటె మూడువందల డెబ్బదికి పైగా ఏండ్లు పెద్దది. దాని పుట్టుక వెనీసు నగరమున. గ్రీకు గ్రంథములను అచ్చువేయుటలో కీర్తిగన్న ఆల్డస్ మనూషియస్ అను పండితుడు, 1501వ సంవత్సరమున వర్జిల్ మహాకవి కావ్యములను చేతిలో పట్టుకొని తిరుగుటకు వీలయిన చిన్న పుస్తకముగా ప్రకటించెను. ఆద్యంతము వాలు అక్షరములతో అచ్చయిన మొదటి పుస్తకమదియే. వాని అచ్చుదిమ్మెలకు మూలమైన ఉక్కు అచ్చులను చెక్కినవాడు బొలోన్యా వాస్తవ్యుడు ఫ్రాంచెస్కో గ్రిఫో. ఆ రూపము వారు కల్పించినది కాదు. అంతకు ముందు నూరేండ్లనాటి ఫ్లారెన్సు పండితులు, ముఖ్యముగా నికొలో నికొలి, ప్రాచీన గ్రంథములకు ప్రతులు వ్రాసికొనునప్పుడు చేయి త్వరగా సాగుటకై వాడిన గొలుసుకట్టు వ్రాతకు అది యనుకరణము. వేగముగా వ్రాయు కుడిచేయి సహజముగా అక్షరమును కుడికి వాల్చును. అనగా వాలులో నున్నది మనుష్యుని మణికట్టు. ఇంకొక విశేషము: ఆల్డస్ పుస్తకములలో చిన్న అక్షరములు మాత్రమే వాలినవి, పెద్ద అక్షరములు నిటారుగానే యున్నవి.

ఈ పుస్తకములకు గిరాకి కలుగగానే ఫ్రాన్సులోని లియాన్ నగరపు ముద్రాపకులు వానిని దొంగతనముగా అచ్చువేయ మొదలిడిరి. వెనీసు ప్రభుత్వమువారిచ్చిన హక్కుపత్రము లియాన్‌లో చెల్లదుగదా! ఆల్డస్ కోపము పట్టలేక 1503లో ఒక ప్రకటన అచ్చొత్తించి, ఆ దొంగ ప్రతులలో ఏయే తప్పులున్నవో వివరముగా చూపెను. లియాన్ వారు దానిని శ్రద్ధగా చదివి తమ ప్రతులలోని తప్పులను దిద్దుకొనిరి. విమర్శకుల నింతగా గౌరవించిన ముద్రాపకులు తరువాత నుండిరో లేదో. గ్రిఫోకును ఆల్డస్‌కును నడుమ, ఈ యక్షరముల కీర్తి యెవరిదను విషయమై పొరపొచ్చెము వచ్చెను. చెక్కినవాని పేరు స్పెయిను దేశమువారు ఈ యక్షరమునకే పెట్టి ‘గ్రీఫా’ యని పిలిచిరి. తక్కినవారు ఇటలీ పేరున ఇటాలిక్ అనిరి.

మొదట పుస్తకమునకంతకును వాడిన ఈ యక్షరము క్రమముగా తన యిల్లు విడిచి, నిటారు అక్షరముల యింట అతిథిగా చేరినది. మా దృష్టిలో దాని చరిత్రమున మిక్కిలి రసవంతమైన ఘట్టమిది. 1560లో జెనీవాలో అచ్చయిన ఇంగ్లీషు బైబిలును చూడుడు. హీబ్రూ భాషలో, మన తెలుగులోవలెనే, ‘ఆయన రాజు’ అన్నచో వాక్యము పూర్తియగును. ‘ఉన్నాడు’ అను క్రియ అక్కరలేదు. ఇంగ్లీషులో ‘ఈజ్’ అనునది లేక వాక్యము నిలువదు. అనువాదకులు దానిని చేర్పకతప్పదు, చేర్చినచో మూలమున లేని మాటను దైవవాక్యమున కలిపినట్లగును. వారు చేసిన పని యేమనగా, తాము చేర్చిన మాటలను వాలు అక్షరములలో అచ్చువేసిరి. ‘ఇది మూలము కాదు, నీకు తెలియుటకై మేము చెప్పుచున్న మాట’ అని ఆ వాలు చెప్పును. నాలుగువందల యేండ్ల తరువాత ప్రోగ్రాములో కామెంటు వాలుటకును ఇదియే యర్థము. ఆ తెరలను దిద్దినవారు జెనీవా ప్రతిని చూచి నేర్చిరని మేమనుట లేదు. ఒకే యవసరమునకు ఒకే యుపాయము తోచినదని మాత్రమే యనుచున్నాము.

శాస్త్రగ్రంథములలో వాలు మరింత గట్టి నియమమైనది. భౌతికశాస్త్రమున ‘ఎం’ వాలియున్నచో ద్రవ్యరాశి, నిటారుగా నున్నచో మీటరు. రాశుల గుర్తులు వాలవలెననియు, ప్రమాణముల గుర్తులు నిలువవలెననియు అంతర్జాతీయ నియమము. ఇంజనీరింగు చిత్రములలో వాలువ్రాతకు 75 డిగ్రీల కోణము విధింపబడినది. పాలిటెక్నిక్ బాలురు ఈ యక్షరములు దిద్ది దిద్ది విసిగినవారే. అక్షరము మారకయే అర్థము మారుట మనకు క్రొత్తగాదు. వేదపాఠమున స్వరము చేయు పని యిట్టిదే. ఇంద్రుని చంపు కుమారుడు కావలెనని త్వష్ట హోమము చేసినప్పుడు ‘ఇంద్రశత్రుః’ అను పదమున ఉదాత్తము చివర నుండవలసినది మొదట పడెను. ఇంద్రుని చంపువాడు అను తత్పురుషము కాస్తా ఇంద్రుడే చంపువాడుగా గలవాడు అను బహువ్రీహి యయ్యెను. వృత్రుడు ఇంద్రునిచేత చచ్చెను. అక్షరము ఒక్కటియు మారలేదు. దీనిని వట్టి పురాణమని తోసివేయువారు 1962 జూలై 22వ తేదీని తలచుకొందురు గాక. శుక్రగ్రహమునకు పంపిన మారినర్ 1 అను అమెరికా నౌక, ఎగిరిన 293 సెకండ్లకు దారి తప్పుటచే భూమినుండి పంపిన యాజ్ఞతో ధ్వంసము చేయబడెను. దాని నడకను నిర్ణయించు సంకేతములలో ఒక చిన్న గీత లోపించుట అందులకు కారణములలో నొకటి. అది రెండు పదముల నడుమ హైఫనా, అక్షరముపై గీయవలసిన అడ్డగీతయా యనుటలో మాత్రము చెప్పువారి నడుమ భేదము గలదు.

సామాన్యమైన టైపుమిషనుకు వాలు లేదు. గ్రంథకర్తలు వాలవలసిన మాట క్రింద గీత కొట్టి అచ్చుకూటమునకు పంపుచుండిరి. కంపోజిటరు ఆ గీతను చూచి వాలు అక్షరములు తీసెడివాడు. ఆ లోటు తీరినది 1961 జూలైలో. ఐబిఎం వారు సెలెక్ట్రిక్ అను యంత్రమును విడుదలచేసిరి. దాని యాకారమును దిద్దినవాడు ఎలియట్ నోయిస్. అందు ఉక్కుకడ్డీలు లేవు. నిమ్మకాయంత గోళముమీద 88 అక్షరములు ఉబ్బెత్తుగా నుండును. మీట నొక్కగానే ఆ గోళము గిర్రున తిరిగి, వంగి, కావలసిన యక్షరమును కాగితమున కద్దును. గోళము నూడదీసి మరియొకటి తగిలించినచో అక్షరరూపమే మారిపోవును. అట్టి గోళములలో వాలు అక్షరములది యొకటి గలదు, పేరు ఇటాలిక్ 12. అంగుళమునకు పండ్రెండు గడులలో చేతివ్రాతవలె ఒరిగిన అక్షరములు! వెనీసు మణికట్టు మిల్వాకీ కొక్కెమునకు కట్టుబడినది ఇచ్చటనే.

ఈలోపల కంప్యూటర్లు వచ్చినవి. వానితో మాటలాడుట కాగితముమీద గాదు, అట్టముక్కలమీద. ఐబిఎం వారు 1928లో స్థిరపరచిన అట్టకు 80 నిలువు గడులు, గడి కొక యక్షరము, అక్షరమనగా రంధ్రములు. 1957లో జాన్ బాకస్ బృందమువారు ఫోర్ట్రాన్ అను భాషను ప్రకటించినప్పుడు గడి కేవలము చోటు గాక అర్థమే యయ్యెను. మొదటి అయిదు గడులు సంఖ్యకు, ఆరవది వెనుకటి వాక్యము సాగుచున్నదని చెప్పుటకు, ఏడునుండి డెబ్బదిరెండు వరకు ఆజ్ఞకు. ఒక గడి తప్పి కొట్టినచో ఆజ్ఞ ఆజ్ఞ కాకపోవును. మొదటి గడిలో ‘సి’ అను అక్షరము కొట్టినచో మాత్రము యంత్రము ఆ యట్టను చదువక విడిచిపెట్టును. అది మనుష్యుల కొరకు విడిచిన అట్ట. అందేమి వ్రాసికొన్నను అడుగువారు లేరు. యంత్రముకొరకే పుట్టిన భాషలో మొదటినుండియు మనుష్యునకు ఒక అరుగు కట్టియుంచిరన్నమాట.

ఆ అరుగును కంటికి వేరుగా చూపుట మాత్రము చాలకాలము సాధ్యము కాలేదు. తెరలు వచ్చిన తరువాతను, 1978లో వచ్చిన వీటీ 100 వంటి వానిలో, 24 పంక్తులు, పంక్తికి అదే అట్టముక్కల లెక్క, 80 గడులు. తెరమీది యక్షరము చుక్కల ముగ్గు. నిలువుగీతకు చుక్కలు ఒకదానిపై నొకటి చక్కగా కూర్చుండును. వాలుగీతకు మెట్లు మెట్లుగా విరిగి, రంపపు పండ్లవలె నగుపించును. సన్నని గీతయన్న మాటయే లేదు. చుక్కకంటె సన్నని దేమున్నది? కావున 1980లు, 90లలో వాలు అక్షరము తెరమీద చదువ శక్యముగాని వస్తువుగా నుండెను. అక్షరముల యంచులను నీడచుక్కలతో నునుపుచేయు విద్యయు, తరువాత 2010 ప్రాంతమున అంగుళమునకు రెండువందలకు మించిన చుక్కలు గల తెరలును వచ్చిన పిమ్మట గాని వాలునకును సన్నదనమునకును విడుదల కలుగలేదు. సన్నదనమునకు మరియొక కారణము గలదు. ప్రోగ్రాములు వ్రాయువారిలో పెక్కండ్రు నల్లని తెరమీద తెల్లని యక్షరములను వాడుదురు. చీకటిలో వెలుగు తన యంచు దాటి పొరలినట్లు కంటికి తోచును. అమావాస్యనాటి దీపము పగటి దీపముకంటె పెద్దదిగా కనబడును గదా. నల్లనిదానిమీద తెల్లని యక్షరము లావెక్కి కనబడును గనుక, దానిని సన్నగా గీసినచో సరిపోవును.

2016లో అమెరికాలోని హోఫ్లర్ సంస్థవారు ‘ఆపరేటర్ మోనో’ అను అక్షరములను ప్రకటించిరి. వానిలోని వాలురూపము గొలుసుకట్టు వ్రాతనే తలపించును. ప్రోగ్రాములు వ్రాయు యువకులు దానిని చూచి ముచ్చటపడిరి. ఆ మరుసటి యేట ఐబిఎం వారు ‘ప్లెక్స్’ అను అక్షరకుటుంబమును మైక్ అబింక్ నాయకత్వమున, డచ్చివారైన ‘బోల్డ్ మండే’ సంస్థ సాయముతో గీయించి, ఎవరైనను వెల లేక వాడుకొనవచ్చునని లోకమునకు విడిచిరి. అందు సమానమైన వెడల్పు గల శాఖ యొకటి, ఎనిమిది లావులలో నున్నది. దాని వాలురూపమునకు ప్రేరణ యెచ్చటనుండి వచ్చినదనగా, పైన చెప్పిన సెలెక్ట్రిక్ గోళమునుండి, ఇటాలిక్ 12 నుండి! తమ పాతసామానుల గదిలోనుండి తాత వాడిన చేతికర్ర తీసి మనుమనికిచ్చినట్లున్నది. ఆ ఫాంటులోని సన్నని వాలురూపమును తెరమీద చూచినచో, ‘ఐ’ కుడివైపునకు తోక సాచి గడి నింపుట కనబడును. 1874 నాటి ‘ఐ’ పాదములు చాచి గడి నింపినది కొక్కెము చాతకానితనముచేత. నేటి ‘ఐ’ కి కొక్కెము లేదు, బండి లేదు, కాగితమే లేదు. అయినను అది గడి దాటదు. ఏలయనగా ఇప్పుడు గడి యంత్రముకొరకు గాదు. రెండు పంక్తులను పైన క్రింద పోల్చి చూచి, ఎచ్చట నొక గుర్తు తక్కువైనదో పట్టుకొనుటకు మనుష్యుని కంటికే ఆ వరుసలు కావలసివచ్చినవి. బంధనముగా పుట్టినది అలవాటుగా మారి, తుదకు సౌకర్యమైనది. సంఘములో నిట్లు మారిన ఆచారములన్నియు మంచివని మేమనము. ఇది మాత్రము మంచిదే.

ఇంత చెప్పి మన లిపి మాట చెప్పకుండుట న్యాయము గాదు. తెలుగు అచ్చులో వాలు అక్షరము తనంత తాను పుట్టలేదు. కంప్యూటరు చేయునది నిటారు అక్షరమును పట్టి ప్రక్కకు నెట్టుట. గుండ్రని ‘ర’, ‘ఠ’ లు నెట్టుడుపడిన కుండలవలె నగుపడును. మా చేతివ్రాతలలో వాలు లేకపోలేదు గాని, దానిని చూచి ఉక్కులో చెక్కిన గ్రిఫో మనకు రాలేదు. ఇక సమానపు గడి మాట మరింత కష్టము. భారతీయ లిపుల టైపుమిషనులలో కొన్ని మీటలు బండిని కదల్పవు. గుర్తు కొట్టి, బండి నిలిచియుండగనే అదే చోట అక్షరము కొట్టవలెను. ఇట్టి తంటాలు చూచి, యంత్రమునకు తగినట్లు లిపినే దిద్దుటకు పూనుకొన్నవారును గలరు. 1971లో కేరళ ప్రభుత్వము మలయాళ లిపిలోని కూటాక్షరములను విడదీసి, లిపిని సంస్కరించినది. కంప్యూటరు వచ్చి ఆ యిబ్బంది తీర్చిన పిమ్మట, 1999లో ‘రచన’ యను పేర కొందరు పాత లిపిని మరల తెచ్చుటకు ఉద్యమించిరి. సంస్కరణమన్న మాట వినగానే మేము అభిమానముతో చెవి యొగ్గుదుము. ఐనను పిల్లవాడు సులువుగా నేర్చుటకై లిపిని దిద్దుట వేరు, నలుబదియేండ్లలో పాతసామాను కాబోవు ఒక కొక్కెముకొరకు దిద్దుట వేరు.

యూనికోడు మొదటి ప్రతి 1991లో వచ్చినప్పుడే తెలుగునకు అందు స్థానము దొరకెను. 2008లో వచ్చిన పైథాన్ భాషయొక్క మూడవ రూపమున, ప్రోగ్రాములోని పేర్లను సైతము తెలుగులో పెట్టుటకు అనుమతి గలదు. కామెంట్ల సంగతి చెప్పనక్కరయే లేదు; యంత్రము చదువని మాటలు ఏ లిపిలోనున్న దానికేమి? పొలము లెక్కలనో, ఆసుపత్రి చిట్టాలనో దిద్దు ప్రోగ్రామును ఇద్దరు తెలుగువారు వ్రాయుచున్నచో, ఒకరికొకరు చెప్పుకొనవలసిన సంగతిని తెలుగున చెప్పుకొనుటకు శాస్త్రము అడ్డు రాదు. అడ్డు వచ్చునది గడి. ‘స్త్రీ’ అను అక్షరమును మన బడిపిల్ల ఒక్క యూపిరిలో పలుకును, ఒక్క కూర్పుగా వ్రాయును. యూనికోడులో అది ఆరు సంకేతములు. గళ్ళతెర సామాన్యముగా వేయు లెక్కలో పొల్లులకును గుడికిని చోటు లేదు, మూడు హల్లులకు మూడు గడులు. మూడు గడుల విడిచిన చోట అక్షరమొక్కటే కూర్చుండి తక్కినది ఖాళీగా నుండును, లేదా ప్రక్క యక్షరముమీద ఎక్కును. పంక్తి వరుస తప్పును. తరువాత కొట్టు అక్షరము ఎచ్చట పడునో తెలియదు. ఆ కామెంటు వ్రాసిన యమ్మాయి రెండుమూడు మారులు వెనుకకు ముందునకు జరిపి చూచి, దానిని తుడిచివేసి, అక్కడ ‘ఫీమేల్’ అని ఇంగ్లీషులో కొట్టుకొనును. ఆరు అక్షరములు, ఆరు గడులు, సన్నగా, చక్కగా వాలి నిలుచును.